పెన్‌డ్రైవ్ మొదటి సెక్టార్‌ను సీ ప్రోగ్రామ్‌తో చదవడం: ఎర్రర్ 5, ఆ తర్వాత 87, ఇప్పుడు ‘సంతకం లేదు’

అయినవిల్లి_అబ్బాయి
కనుమ రోజు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థంలో (ఊరూరి శివుణ్ణి ప్రభ మీద పెట్టి మోసుకొచ్చే జాతర) మా మావయ్య తీసిన ఫోటోలన్నీ ఒక 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మావయ్యకి ఫోటో స్టూడియో ఉంది. కెమెరా కార్డు అదే రాత్రి ఖాళీ చేసేసి మర్నాడు పెళ్ళికి తీసుకెళ్ళిపోయాడు, అంటే ఇంక వేరే కాపీ లేదు. ఇప్పుడు పెన్‌డ్రైవ్ పెడితే విండోస్ ఫార్మాట్ చెయ్యమంటోంది. నేను బీటెక్ మూడో సంవత్సరం, సీ బాగానే వచ్చు కదా అని సెక్టార్లు (డిస్కులోని 512 బైట్ల ముక్కలు) నేరుగా చదివే ప్రోగ్రామ్ మొదలుపెట్టాను. క్రియేట్‌ఫైల్‌కి \\.\ఇ: అని పేరు ఇస్తే హ్యాండిల్ రావట్లేదు, అంటే డ్రైవ్ తెరుచుకోవట్లేదు. గెట్‌లాస్ట్‌ఎర్రర్ 5 చూపిస్తోంది. రెండు రోజుల్నుంచి ఇదే. మావయ్య గంటకోసారి ఫోన్ చేస్తున్నాడు, టెన్షన్‌గా ఉంది.

రాజోలు_రిపేర్
ముందు ఆ పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టు. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అని రెండు ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి, గంటలో పని అయిపోతుంది. పోయిన ఫోటోల మీద సీ నేర్చుకోవడం ఏంటి బాబూ?

లంక_లైనక్స్
ఎర్రర్ 5 అంటే అనుమతి లేదని. విండోస్‌లో ఈ గోల ఎందుకు, లైనక్స్‌కి వచ్చెయ్. అక్కడ పెన్‌డ్రైవ్ పేరు మామూలుగా /డెవ్/ఎస్‌డీబీ, అది ఓపెన్ చెయ్, రీడ్ కొట్టు, అయిపోయింది.

కాజా_కెర్నల్
వచ్చేశాడండీ. ఇంట్లో ఫ్యాను తిరక్కపోయినా లైనక్స్ ఎక్కించమంటాడు.

హెక్స్_అక్క
ఎర్రర్ 5కి పరిష్కారం చిన్నదే. డిస్కును గానీ వాల్యూమ్‌ను గానీ నేరుగా తెరవాలంటే ప్రోగ్రామ్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. నీ అకౌంట్ అడ్మిన్ అయినా చాలదు, కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి క్లిక్ కొట్టి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అనాలి. ఇంకో మూడు సంగతులు ఇప్పుడే చూసుకో. సీ స్ట్రింగ్‌లో ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండుసార్లు రాయాలి. ఇ: తర్వాత చివర్లో బ్యాక్‌స్లాష్ పెట్టకూడదు, పెడితే వాల్యూమ్ కాదు, అందులోని రూట్ ఫోల్డర్ అని అర్థం చేసుకుంటుంది. షేర్ మోడ్‌లో రీడ్, రైట్ రెండూ ఇవ్వు, లేకపోతే వేరే ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని ఉంటే ఎర్రర్ 32 వస్తుంది.
రాయడానికి మాత్రం అనుమతి అడగొద్దు. జెనరిక్ రీడ్ ఒక్కటే. ఇది మర్చిపోకు.

అయినవిల్లి_అబ్బాయి
ఆయ్, తెరుచుకుందండి! కానీ ఇప్పుడు రీడ్‌ఫైల్ ఎర్రర్ 87 ఇస్తోంది. పార్టిషన్ టేబుల్ (డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక) 446వ బైటు దగ్గర మొదలవుతుందని చదివాను. అందుకని సెట్‌ఫైల్‌పాయింటర్‌తో 446కి వెళ్ళి, ఒక ఎంట్రీకి 16 బైట్లు కాబట్టి 16 చదువుతున్నాను.

లంక_లైనక్స్
నా దగ్గర ఇదే పని లైనక్స్‌లో చేశాను, 446కి వెళ్ళి 16 బైట్లు అడిగితే ఇచ్చింది. చెప్పానా మరి.

హెక్స్_అక్క
ఇచ్చింది ఎందుకంటే మధ్యలో కెర్నల్ పేజ్ క్యాష్ ఉంది. అది మొత్తం బ్లాకు తెచ్చుకుని నీకు కావాల్సిన 16 బైట్లు కోసి ఇస్తుంది. అదే ఓ_డైరెక్ట్ ఫ్లాగ్ పెట్టి తెరువు, నీకూ ఈఇన్‌వాల్, అంటే ఎర్నో 22 వస్తుంది. అప్పుడు బఫర్ అడ్రసు కూడా సమంగా ఉండాలి, మామూలు మ్యాలక్ సరిపోకపోవచ్చు, పోసిక్స్_మెమలైన్ వాడాలి.
అబ్బాయీ, విండోస్‌లో డిస్క్ హ్యాండిల్ మీద చదివేటప్పుడు మొదలుపెట్టే చోటూ, చదివే పరిమాణమూ రెండూ సెక్టార్ గుణిజాలు కావాలి. సున్నా నుంచి 512 బైట్లు తెచ్చుకుని, 446వది నీ బఫర్‌లో చూసుకో.

కాజా_కెర్నల్
మా ఊళ్ళో బియ్యం బస్తా లెక్కన అమ్మే హోల్‌సేల్ కొట్టు ఉంది. వెళ్ళి గుప్పెడు అడిగితే షావుకారు చూసే చూపే ఎర్రర్ 87.

అయినవిల్లి_అబ్బాయి
512 చదివింది అక్కా. కానీ నా ప్రోగ్రామ్ ‘బూట్ సంతకం లేదు’ అంటోంది. ఆ సంతకం అంటే సెక్టార్ చివరి రెండు బైట్లు కదా, హెక్స్‌లో 510లో 55, 511లో ఏఏ ఉన్నాయా అని ఇఫ్ పెట్టి చూస్తున్నాను. పెన్‌డ్రైవ్ పూర్తిగా పోయినట్టేనా?

రాజోలు_రిపేర్
పోయింది. నేను ముందే చెప్పాను.

భీమారం_బైట్
నాక్కూడా ఇదే సమస్య. మా ల్యాబ్‌లో టర్బో సీలో యాబ్స్‌రీడ్ వాడి సీ డ్రైవ్ మొదటి సెక్టార్ చదివితే అన్నీ చెత్త బైట్లు వస్తున్నాయి.

పాతకాలం_టర్బో
భీమారం తమ్ముడూ, నీది వేరే జబ్బు. ఆ టర్బో సీ నడిచేది డాస్‌బాక్స్‌లో, అంటే పాత డాస్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో. డాస్‌బాక్స్ నీకు చూపించే సీ డ్రైవ్ అసలు డిస్కే కాదు, నీ కంప్యూటర్లో ఒక ఫోల్డర్‌ను డ్రైవ్‌లా మౌంట్ చేసి చూపిస్తుంది. ఆ ఫోల్డర్‌కి సెక్టార్ ఎక్కడుంటుంది? 64 బిట్ విండోస్ అయితే 16 బిట్ ప్రోగ్రామ్‌ను అసలు నడపనే నడపదు.
నేను పాఠం చెప్పే రోజుల్లో బయోస్‌డిస్క్ అని ఫంక్షన్ ఉండేది. 0, 1 అంటే ఫ్లాపీలు, 80 హెక్స్ అంటే మొదటి హార్డ్ డిస్క్. హెడ్, ట్రాక్ సున్నా నుంచి లెక్క, సెక్టార్ మాత్రం ఒకటి నుంచి. ఆ ఒక్క తేడా దగ్గర ఏటా సగం క్లాసు బోల్తా పడేది. అప్పుడు డాస్‌లో ఎవరైనా ఏ సెక్టార్ మీదైనా రాసెయ్యొచ్చు, అడిగే నాథుడు లేడు. ఒక కుర్రాడు రెండు బదులు మూడు కొట్టాడు, చదవడం బదులు రాయడం జరిగిపోయి ల్యాబ్‌లో ఒక మిషన్ మర్నాటి నుంచి లేవలేదు.

కాజా_కెర్నల్
ఆ కుర్రాడు మీరే కదండీ మాస్టారూ?

పాతకాలం_టర్బో
నేను లెక్చరర్ని అని చెప్పాను కదయ్యా. (అవును, కానీ అది అంతకు ముందు సంగతి.)

హెక్స్_అక్క
అబ్బాయీ, పోయిందని అప్పుడే అనుకోకు. నీ బఫర్‌ను ఏ టైపుతో ప్రకటించావు? ఆ రెండు బైట్లనూ ప్రింట్‌ఎఫ్‌తో హెక్స్‌లో చూపించి ఇక్కడ పెట్టు.

అయినవిల్లి_అబ్బాయి
చార్ బఫ్[512] అక్కా. మొదటిది 55 అని సరిగ్గా వచ్చింది. రెండోది వింతగా ఉంది, ఆరు ఎఫ్‌లు, వాటి తర్వాత ఏఏ.

హెక్స్_అక్క
దొరికింది. సంతకం అక్కడే ఉంది, నీ ప్రోగ్రామ్‌కే కనపడట్లేదు.
పీసీ మీద జీసీసీలో ఒట్టి చార్ అంటే సైన్డ్. మైనస్ 128 నుంచి 127 వరకే పడుతుంది. ఏఏ అంటే 170, అది చార్‌లోకి వెళ్ళాక మైనస్ 86 అవుతుంది. పోల్చేటప్పుడు అది ఇంట్‌గా పెరుగుతుంది, మైనస్ గుర్తు నిలబెట్టుకోవడానికి ముందు ఎఫ్‌లు నిండుతాయి. ఇటుపక్క నువ్వు రాసిన 0ఎక్స్ఏఏ మామూలు ఇంట్, విలువ 170. మైనస్ 86, 170 ఎప్పటికీ సమానం కావు. 55కి పై బిట్టు సున్నా కాబట్టి దానికి ఈ బాధ లేదు. అన్‌సైన్డ్ చార్ అని మార్చు, లేదా యూఇంట్8_టీ వాడు.

లంక_లైనక్స్
సరే, ఇది నాక్కూడా తట్టలేదు. ఒప్పుకుంటున్నా.

కాజా_కెర్నల్
ఈ పోస్టుకి ఫ్రేమ్ కట్టించండి ఎవరైనా.

అయినవిల్లి_అబ్బాయి
సంతకం కనపడింది!!! కానీ అక్కా, ఒక మాట చెప్పాలి, \\.\ఇ: తెరిస్తే ఇందాకటిలాగే మళ్ళీ ఎర్రర్ వస్తుందేమో అని మధ్యలో ఫిజికల్‌డ్రైవ్1కి మార్చాను. అందులో 446 దగ్గర మొదటి ఎంట్రీ: టైపు 0సీ, మొదలు 2048. మిగతా మూడూ సున్నాలు. ఇప్పుడు మళ్ళీ ఇ: తెరిచి చూస్తే మొదటి సెక్టార్‌లో 512 బైట్లూ సున్నాలే.

హెక్స్_అక్క
మంచి పని చేశావు, తెలియకుండానే. ఫిజికల్‌డ్రైవ్ అంటే మొత్తం డిస్కు, దాని సున్నా సెక్టార్‌లో ఎంబీఆర్, అంటే పార్టిషన్ టేబుల్ ఉండే సెక్టార్. ఇ: అంటే ఒక్క పార్టిషన్, దాని సున్నా సెక్టార్‌లో ఫైల్ సిస్టమ్ తాలూకు బూట్ సెక్టార్. లైనక్స్‌లో ఎస్‌డీబీకీ ఎస్‌డీబీ1కీ ఉన్న తేడా ఇదే. పార్టిషన్ టేబుల్ కావాలంటే మొదటి దాంట్లోనే వెతకాలి. మొదలు దగ్గర 2048 అంటే 2048 సెక్టార్ల తర్వాత, సరిగ్గా 1 ఎంబీ దూరంలో. 0సీ అంటే ఫ్యాట్32, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళను అమర్చే ఒక పద్ధతి.

పాతకాలం_టర్బో
నేనొకసారి దీన్ని తలకిందులు చేశాను. పార్టిషన్ బూట్ సెక్టార్‌ను ఎంబీఆర్ అనుకుని 446 దగ్గర చదివితే పార్టిషన్ నూట ఎనభై కోట్ల చిల్లర సెక్టార్ దగ్గర మొదలవుతోందని వచ్చింది. అంటే తొమ్మిది వందల జీబీ దూరం. చేతిలో ఉన్నది 16 జీబీ పెన్‌డ్రైవ్. రాత్రంతా లిటిల్ ఎండియన్, బిగ్ ఎండియన్ అని బైట్లు తిరగేశాను. తెల్లారాక చూస్తే నేను అంకెలుగా చదువుతున్నది బూట్ కాకపోతే తెర మీద వేసే సందేశంలోని అక్షరాలు!

భీమారం_బైట్
😂😂 అయితే నా డాస్‌బాక్స్ బెటరే.

లంక_లైనక్స్
అబ్బాయీ, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపల నడిచే లైనక్స్) ఉంటే అందులో /డెవ్/ఎస్‌డీబీ తెరిచి హెక్స్‌డంప్ కొట్టు, తేలిగ్గా ఉంటుంది.

హెక్స్_అక్క
వద్దు. డబ్ల్యూఎస్ఎల్2 లోపల కనపడే ఎస్‌డీఏ, ఎస్‌డీబీలు దాని సొంత వర్చువల్ డిస్కులు. పెన్‌డ్రైవ్ అనుకుని వాటి మీద పని చేస్తే వేరే కథ మొదలవుతుంది.
బూట్ సెక్టార్ సున్నాలైపోయినా భయపడకు. ఫ్యాట్32లో దానికి నకలు మామూలుగా 6వ సెక్టార్‌లో ఉంటుంది. ఇ: మొదటి నుంచి ఎనిమిది సెక్టార్లు, అంటే 4096 బైట్లు ఒకేసారి చదువు. 1వ సెక్టార్ మొదట్లో 52 52 61 41 ఉండాలి, 6వ దాంట్లో 82వ బైటు దగ్గర ఫ్యాట్32 అని అక్షరాలు కనపడాలి.

అయినవిల్లి_అబ్బాయి
1లో ఉంది. 6లో కూడా ఉంది! సెక్టార్‌కి 512 బైట్లు, క్లస్టర్‌కి, అంటే ఫైళ్ళకి చోటు ఇచ్చే ఒక్కో ముక్కకి, 32 సెక్టార్లు. అయితే 6వ సెక్టార్‌ను తీసి సున్నాలో రాసేస్తే సరి కదా? రైట్‌ఫైల్ రాసేశాను, ఎంటర్ కొట్టడమే ఆలస్యం.

హెక్స్_అక్క
ఆగు.

రాజోలు_రిపేర్
ఆగు ఆగు ఆగు!!

లంక_లైనక్స్
చెయ్యి కీబోర్డు మీంచి తియ్యి.

రాజోలు_రిపేర్
ఇప్పటిదాకా వెటకారంగా మాట్లాడాను గానీ ఇది విను. షాపు పెట్టిన కొత్తలో ఒకాయన రొయ్యల చెరువుల లెక్కలున్న డిస్కు తెచ్చాడు. మేత, పట్టుబడి, బాకీలు, మూడు పంటలవి. లైనక్స్‌లో డీడీతో కాపీ తీద్దామని ఐఎఫ్ (చదివే డిస్కు) దగ్గర పెట్టాల్సింది ఓఎఫ్ (రాసే డిస్కు) దగ్గర పెట్టాను. ఖాళీ డిస్కు వచ్చి లెక్కల డిస్కు మీద కూర్చుంది. ఆయన ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా గుర్తుంది. ముందు ఇమేజ్ తియ్యి, అంటే డిస్కు మొత్తానికి బైటు బైటుగా నకలు. ఆ తర్వాత ఏ ప్రయోగమైనా ఆ ఇమేజ్ మీదే.

హెక్స్_అక్క
నీ రైట్‌ఫైల్ ఆడినా ఆడుతుంది, అదే భయం. విండోస్ విస్టా నుంచి మౌంట్ అయి ఉన్న వాల్యూమ్ సెక్టార్ల మీద నేరుగా రాయనివ్వదు, ముందు ఎఫ్ఎస్‌సీటీఎల్_లాక్_వాల్యూమ్ అడగాలి, కానీ బూట్ సెక్టార్‌కి ఆ అడ్డు లేదు. ఆ తలుపు తియ్యొద్దు, మనకి అవసరం లేదు.
ఇమేజ్ తీసే ప్రోగ్రామ్ నువ్వే రాసుకో. ఒకసారికి 1 ఎంబీ చదివి ఫైల్‌లో పడెయ్. ఏదైనా ముక్క చదవకపోతే ఆ 1 ఎంబీలో సెక్టార్ సెక్టార్‌గా వెళ్ళి, రాని చోట సున్నాలు నింపి ముందుకు పో. మధ్యలో వదిలేసి పోతే తర్వాత లెక్కలన్నీ పక్కకి జరిగిపోతాయి.

అయినవిల్లి_అబ్బాయి
మధ్యలో కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ కాబట్టి బతికింది. కానీ ఇమేజ్ సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ అక్కడ చెడిపోయిందా?

రాజోలు_రిపేర్
ఇమేజ్ ఎక్కడ పెడుతున్నావు? ఆ డిస్కు కూడా ఫ్యాట్32 అయితే ఒక ఫైలు 4 జీబీ దాటదు. ఎన్‌టీఎఫ్ఎస్ ఉన్న చోట పెట్టు.

అయినవిల్లి_అబ్బాయి
అవునండి, వేరే పెన్‌డ్రైవే 🙈

(రెండు గంటల తర్వాత)

అయినవిల్లి_అబ్బాయి
ఇమేజ్ మొత్తం వచ్చింది, ఒక్క సెక్టార్ కూడా ఎర్రర్ ఇవ్వలేదు. ఆ ఇమేజ్‌లో 6ని సున్నాలో వేశాను. రూట్ డైరెక్టరీ చదివాను, ఫైళ్ళ పేర్లన్నీ కనపడుతున్నాయి! మొదటి నూట చిల్లర ఫోటోలు శుభ్రంగా వచ్చాయి. ఆ తర్వాతవి ఏవీ తెరుచుకోవట్లేదు. ఇంకా విచిత్రం, ప్రభలవి వందల్లో ఒక్క ఫోటో తెరుచుకుంది, అందులో పెళ్ళికొడుకు ఉన్నాడు. మావయ్య చూసి ‘ఈయన పోయిన మాఘంలో పెళ్ళయినోడు రా, ప్రభ ఎక్కడికి పోయింది’ అంటున్నాడు. నిజంగానే ఆ పెళ్ళి ఫోటోలు కూడా ఇందులోనే ఉన్నాయి.

కాజా_కెర్నల్
ప్రభ మొయ్యడానికి వెళ్ళాడేమో లెండి.

పాతకాలం_టర్బో
ఫ్యాట్ గొలుసు, అంటే ఒక ఫైలు క్లస్టర్లు ఏ వరసలో ఉన్నాయో చెప్పే జాబితా, తెగి ఉంటుంది. క్లస్టర్లు ఒకదాని బదులు ఇంకోటి పడి ఉంటాయి.

హెక్స్_అక్క
మాస్టారూ, గొలుసు తెగితే ఫోటో సగం వస్తుంది, లేదా మధ్యలో రంగు మారుతుంది. మొత్తంగా వేరే ఫోటో రావడం, అదీ ఒక చోటు నుంచి అన్నీ పాడవడం అలా ఉండదు. అబ్బాయీ, ఆ పెళ్ళికొడుకు ఫోటో ఇమేజ్‌లో అసలు ఏ చోట ఉంది, ప్రభల ఫోటో ఏ చోట ఉండాలి? బైట్లలో చెప్పు.

అయినవిల్లి_అబ్బాయి
ప్రభది 5 జీబీ దాటాక. పెళ్ళికొడుకుది 1 జీబీ దాటాక... రెండూ తీసేస్తే సరిగ్గా 4294967296 తేడా!

హెక్స్_అక్క
2 పవర్ 32. సెక్టార్ నంబరును 512తో గుణించేది అన్‌సైన్డ్ ఇంట్‌లో కదా? 32 బిట్లు నిండిపోయి మళ్ళీ సున్నా నుంచి తిరుగుతోంది. పైగా ఫైల్‌లో చదివే చోటు మార్చే ఎఫ్‌సీక్ తీసుకునేది లాంగ్. 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ 8 బైట్లు, విండోస్‌లో 64 బిట్ అయినా 4 బైట్లే. అందుకే 2 నుంచి 4 జీబీ మధ్య ఉన్నవాటికి చోటు మైనస్‌లోకి పోయి ఎఫ్‌సీక్ విఫలమవుతోంది, నువ్వు దాని జవాబు చూడట్లేదు కాబట్టి ఎఫ్‌రీడ్ ఉన్న చోటు నుంచే చదివేస్తోంది. 4 నుంచి 6 మధ్య ఉన్నవి 0 నుంచి 2 మధ్యకి వెళ్ళి పడుతున్నాయి. అక్కడ సరిగ్గా ఆ క్లస్టర్ దగ్గరే ఇంకో ఫోటో మొదలైతే పెళ్ళికొడుకు కనపడతాడు, లేకపోతే చెత్త.
_ఎఫ్‌సీక్‌ఐ64 వాడు. సెక్టార్ నంబరును గుణించే ముందే 64 బిట్లకి మార్చు. గుణించాక బయట బ్రాకెట్ పెట్టి మారిస్తే లాభం లేదు, అప్పటికే పై బిట్లు పోయి ఉంటాయి.

లంక_లైనక్స్
మా 32 బిట్ లైనక్స్‌లో కూడా ఇదే ఉంది. _ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్ 64 అని పెట్టకుండా కంపైల్ చేస్తే 2 జీబీ దగ్గర గోడ. పాత మిషన్ మీద వారం తల కొట్టుకున్నాను.

కాజా_కెర్నల్
లైనక్స్‌లో కూడా గోడ ఉందని లంక గారి నోటితోనే విన్నాం. ఈ రోజు తేదీ రాసి పెట్టుకోండి.

రాజోలు_రిపేర్
అబ్బాయీ, ఇవన్నీ అయ్యాక ఇమేజ్ మీద ఒకసారి ఫోటోరెక్ కూడా నడిపి చూడు. నీది తప్పని కాదు, రెండు లెక్కలూ సరిపోతే నిశ్చింత. ఆ పెన్‌డ్రైవ్ మాత్రం మళ్ళీ వాడొద్దు. రాస్తుండగా పీకేశారా?

అయినవిల్లి_అబ్బాయి
పీకేశాడటండి. పెళ్ళికి ఆలస్యమవుతోందని లైటు వెలుగుతుండగానే లాగేశాడట. ‘కాపీ అయిపోయినట్టే ఉంది రా’ అన్నాడు.

(ఆ రాత్రి)

అయినవిల్లి_అబ్బాయి
వచ్చేశాయి! ఆరు వందల పైచిలుకు ఫోటోలు. ఫోటోరెక్ కూడా అన్నే తీసింది. పదకొండు ఊళ్ళ రుద్రులూ తోటలో వరసగా ఉన్నవి, బాణసంచావి, అన్నీ ఉన్నాయి. మావయ్య ఆత్రేయపురం పూతరేకులు పంపిస్తానన్నాడు, అక్కకి రెండు పెట్టెలు, మిగతా అందరికీ ఒక్కోటి. ఒక్క ఫోటో మాత్రం రెండు ప్రోగ్రాముల్లోనూ సగమే వచ్చింది. చివర కాపీ అవుతున్నది అదే అనుకుంటా.

హెక్స్_అక్క
పీకేసినప్పుడు రాస్తున్నది అదే అయి ఉంటుంది. కింది సగం పెన్‌డ్రైవ్‌లోకి అసలు చేరలేదు, ఇంక ఏ ప్రోగ్రామ్ తేలేదు. పెట్టు, చూద్దాం.

అయినవిల్లి_అబ్బాయి
గంగలకుర్రు ప్రభ కౌశిక దాటుతున్నది. జేపెగ్ పైనుంచి కిందకి విప్పుకుంటుంది కాబట్టి పైన ప్రభ, రంగు గుడ్డలు, నెమలి పింఛాలు అన్నీ నిగనిగలాడుతున్నాయి. కింద బూడిద రంగు. నీళ్ళూ లేవు, పీకల్లోతు నీళ్ళలో మోస్తున్న జనమూ లేరు.

కాజా_కెర్నల్
ఎవరూ మొయ్యకుండానే దాటేస్తోందన్నమాట.

అయినవిల్లి_అబ్బాయి
మా అమ్మమ్మ కూడా అదే అంది. దీన్నే పెద్దది చేయించి గోడకి పెట్టమంటోంది.